శత్రువు రాకూడదని కట్టిన ఊళ్లు.. మనుషులు రావాలని చూస్తున్నాయి: పోర్చుగల్ కొండల్లో సైకిల్ సఫర్

పోర్చుగల్ అనగానే చాలామందికి లిస్బన్, సముద్రం, రొనాల్డో గుర్తొస్తారు. మన దేశంలో అయితే ముందు గోవా గుర్తొస్తుంది. కానీ సముద్రానికి దూరంగా, స్పెయిన్ సరిహద్దు వైపు ఇంకో పోర్చుగల్ ఉంది. నల్లరాతి కొండలు, గొర్రెల మందలు, కోటగోడల మధ్య ఇరుకు వీధులు, సగం ఇళ్లకు తాళాలు. ఆ ప్రాంతం పేరు బేయిరా. అక్కడి 12 చారిత్రక పల్లెలను కలుపుతూ దాదాపు 600 కిలోమీటర్ల గుండ్రటి దారి ఒకటి ఉంది. దాని పేరు జీఆర్ 22. నడిచేవాళ్లు, సైకిల్ తొక్కేవాళ్లు ఆ దారి పట్టుకుని వెళ్తుంటారు.

ఈ పల్లెల కోసం అక్కడి ప్రభుత్వం 1991లో ఒక పథకం మొదలుపెట్టింది. మొదట 10 ఊళ్లను తీసుకున్నారు. 2003లో బెల్మోంట్, త్రాంకోజో కలిశాయి. మిగతావి అల్మేదా, కాస్తెలో రోడ్రిగో, కాస్తెలో మెందో, మరియాల్వా, లిన్యారెస్, సొర్తేల్యా, కాస్తెలో నోవో, మోన్సాంతో, ఇదాన్యా-అ-వెల్యా, పియోదావ్. గోడలు బాగు చేయడం ఒక్కటే కాదు, ఊళ్లలో మనుషులు మిగలాలన్నది దీని వెనక ఉన్న ఆలోచన.

ఊళ్లు కొండల మీద ఎందుకున్నాయి?

కారులో వెళ్తే ఈ ప్రశ్నే రాదు. సైకిల్ మీద వెళ్తే మొదటి రోజే వస్తుంది. లోయలో నీళ్లు, మంచి పొలాలు వదిలేసి ఇంత ఎత్తులో ఊరు ఎందుకు కట్టుకున్నారు? జవాబు ఒక్క మాటలో చెప్పాలంటే, భయం.

711లో ముస్లిం సైన్యాలు ఐబీరియాలోకి వచ్చాయి. తర్వాత కొన్ని శతాబ్దాల పాటు నేటి పోర్చుగల్‌లో చాలా భాగం అల్-అందలుస్‌లో ఉండేది. 1143లో పోర్చుగల్ వేరే రాజ్యంగా నిలబడింది. 1249లో దక్షిణాన ఫారో పట్టణం వాళ్ల చేతికి రావడంతో అక్కడ ముస్లిం పాలన ముగిసింది. ఈలోగా తూర్పు వైపు ఇంకో పోటీదారు తయారయ్యాడు. అదే క్రైస్తవ కాస్తీల్ రాజ్యం, అంటే తర్వాతి స్పెయిన్. 1297లో అల్కానీసెస్ ఒప్పందంతో సరిహద్దు గీత ఖరారైంది. అల్మేదా, కాస్తెలో రోడ్రిగో అప్పుడే పోర్చుగల్‌లో కలిశాయి.

అంటే ఈ ఊళ్లు కాపలా కాసే ఊళ్లు. శత్రువు దూరం నుంచే కనపడాలి, పైకి ఎక్కేసరికి అలసిపోవాలి. ఈ రోజు సైకిల్ తొక్కేవాడి కాళ్లు నొప్పి పెడుతున్నాయంటే ఆనాటి మేస్త్రీలు తమ పని సరిగ్గా చేశారని అర్థం.

ఒక్కో ఊరిది ఒక్కో కథ

మోన్సాంతోలో ఇళ్లు బండరాళ్ల మధ్య ఇరుక్కుని ఉంటాయి. కొన్ని ఇళ్లకు పైకప్పు పెద్ద బండే. 1938లో జరిగిన పోటీలో దీన్ని 'అన్నిటికంటే పోర్చుగీస్ పల్లె'గా ఎంపిక చేసి వెండి కోడిపుంజు బహుమతిగా ఇచ్చారు. దాని నమూనా ఇప్పటికీ ఊరి గడియారం బురుజు మీద కనిపిస్తుంది.

అల్మేదా పైనుంచి చూస్తే 12 కోణాల నక్షత్రంలా ఉంటుంది. ఫిరంగులను తట్టుకోవడానికి కట్టిన కోట అది. 1810 ఆగస్టులో నెపోలియన్ సైన్యం ముట్టడించినప్పుడు మందుగుండు గిడ్డంగి పేలి వందల మంది చనిపోయారు, కోట లొంగిపోయింది. పియోదావ్ ఇంకో రకం. పలకరాయి ఇళ్లు కొండవాలు మీద మెట్లు మెట్లుగా ఉంటాయి, తలుపులకు, కిటికీలకు నీలి రంగు. ఇదాన్యా-అ-వెల్యా చిన్న పల్లె. కానీ రోమన్లు, విసిగోత్‌లు, ముస్లింలు, టెంప్లర్ యోధులు ఒకరి తర్వాత ఒకరు అక్కడ ఉండి వెళ్లారు.

బెల్మోంట్ దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. పెద్రో అల్వారెస్ కబ్రాల్ పుట్టిన ఊరు ఇదే. 1500లో 13 ఓడలతో బయలుదేరి బ్రెజిల్ తీరం చేరిన కబ్రాల్ అక్కడితో ఆగలేదు. అక్కడి నుంచి బయలుదేరి మన కాలికట్ వచ్చాడు. వ్యాపార తగాదా ముదిరి అదే ఏడాది డిసెంబర్‌లో కాలికట్ పట్టణం మీద ఫిరంగులు పేల్చాడు. ఆ ఊళ్లో ఆయన విగ్రహం ఉంది. మనం అక్కడ నిలబడితే గుర్తొచ్చేది మాత్రం మలబారు తీరమే.

అదే బెల్మోంట్‌లో ఇంకో కథ దాగి ఉంది. 1496 డిసెంబర్‌లో రాజు మాన్యుయెల్ యూదులు, ముస్లింలు దేశం వదిలి వెళ్లాలని ఫర్మానా జారీ చేశాడు. మరుసటి ఏడాది యూదుల్లో చాలామందికి బలవంతంగా బాప్తిస్మం ఇచ్చారు. బెల్మోంట్‌లో కొన్ని కుటుంబాలు బయటికి క్రైస్తవులుగా ఉంటూ లోపల తమ మతాన్ని కాపాడుకున్నాయి. ప్రార్థనలను తల్లులు కూతుళ్లకు నోటి మాటగా నేర్పారు. నాలుగు వందల ఏళ్ల తర్వాత, 1917లో పోలండ్ నుంచి వచ్చిన గనుల ఇంజనీర్ శామ్యూల్ ష్వార్జ్ వల్ల ఈ సంగతి బయటి ప్రపంచానికి తెలిసింది. 1996లో అక్కడ సినగాగ్ తెరిచారు.

మాటల్లో మిగిలిన అరబ్బీ

ముస్లింలు వెళ్లిపోయారు గానీ మాటలు పోలేదు. పోర్చుగీసులో పల్లెను 'అల్దేయా' అంటారు. అది అరబ్బీ 'అల్-దైఆ' నుంచి వచ్చింది. ఆలివ్ నూనె 'అజైత్', మూలం 'అజ్-జైత్'. ఉర్దూలో జైతూన్ అనే మాటకూ అదే మూలం. దర్జీని 'అల్ఫయాత్' అంటారు, అది 'అల్-ఖయ్యాత్'. 'ఇలా జరిగితే బాగుండు' అనడానికి 'ఓషలా' అంటారు. అందులో వినపడేది అల్లాహ్ పేరే. నారింజను 'లరాంజ' అంటారు. ఆ మాట మన దేశం నుంచే ఫార్సీ, అరబ్బీ మీదుగా అక్కడికి చేరింది.

తిరుగు ప్రయాణం కూడా జరిగింది. మనం రోజూ వాడే మేస్త్రీ, బాల్చీ, ఇస్త్రీ, తువాలు, పీపా పోర్చుగీస్ వాళ్లు వదిలి వెళ్లిన మాటలు. ఉర్దూలో చాబీ, పాద్రీ కూడా అంతే.

ఈ 12 పల్లెల్లో లేకపోయినా, ఇంకా దక్షిణానికి వెళ్తే మార్వావ్ అనే కొండ ఊరు వస్తుంది. 9వ శతాబ్దంలో కోర్దోబా అమీర్ మీద తిరగబడిన ఇబ్న్ మర్వాన్ పేరు మీదే ఆ ఊరి పేరు. అక్కడివాళ్లు ఆ చరిత్రను దాచుకోరు. ఆయన పేరు చెప్పుకుని అల్ మొసాస్సా అనే ఉత్సవం కూడా చేసుకుంటారు.

కొండ ఎంత ఎత్తు?

ఈ ప్రాంతం మధ్యలో సెర్రా ద ఎస్త్రెలా ఉంది. 'నక్షత్ర పర్వతం' అని అర్థం. దీని శిఖరం తొర్రె 1,993 మీటర్లు, పోర్చుగల్ ప్రధాన భూభాగంలో అన్నిటికంటే ఎత్తైన చోటు. లెక్క 2,000కు సరిపోవాలని పైన 7 మీటర్ల రాతి స్తంభం కట్టారని చెబుతారు. కొవిల్యా పట్టణం నుంచి పైకి 20 కిలోమీటర్ల దారి, దాదాపు 1,300 మీటర్ల ఎత్తు ఎక్కాలి. పోర్చుగల్ సైకిల్ రేసు 'వోల్తా'లో పేరుమోసిన ఎక్కుడు ఇదే. మాంతేగాస్ వైపు దిగితే జెజెరె లోయ వస్తుంది. ఒకప్పటి హిమానీనదం చెక్కిన లోయ అది, 'యు' ఆకారంలో ఉంటుంది.

ఖాళీ అయిన ఊళ్లు, రాజుకున్న మంటలు

1960ల్లో సలాజార్ నియంతృత్వం కింద పేదరికం, ఆఫ్రికా వలసల్లో యుద్ధాలు. లక్షల మంది ఫ్రాన్స్, జర్మనీలకు వెళ్లిపోయారు. చాలామంది దొంగచాటుగా సరిహద్దు కొండలు దాటారు. ఈ పల్లెల్లో వృద్ధులు మిగిలారు. ఇప్పటికీ ఆగస్టు సెలవుల్లో ఫ్రాన్స్ నంబర్ ప్లేట్ల కార్లు వస్తాయి, నెల దాటగానే వెళ్లిపోతాయి.

దీని నష్టం ఇళ్లతో ఆగలేదు. పొలం దున్నేవాళ్లు, గొర్రెలు మేపేవాళ్లు తగ్గేసరికి తుప్పలు పెరిగాయి. పైన్, యూకలిప్టస్ తోటలు కూడా తోడయ్యాయి. ఎండాకాలంలో అదంతా కట్టెల మోపే. 2017లో దేశంలో జరిగిన అగ్నిప్రమాదాల్లో వంద మందికి పైగా చనిపోయారు. 2022 ఆగస్టులో ఎస్త్రెలా కొండల్లో 20 వేల హెక్టార్లకు పైగా కాలిపోయింది. సైకిల్ దారిలో కాలిన చెట్ల మొదళ్లు కనపడితే దాని వెనక ఉన్న కథ ఇదే.

అందుకే ఇక్కడ సైకిల్ యాత్రికుడికి విలువ ఉంది. బస్సులో వచ్చేవాళ్లు గంటసేపు ఫొటోలు దిగి వెళ్లిపోతారు. సైకిల్ మీద వచ్చినవాడు అలసిపోయి ఉంటాడు. ఆ ఊళ్లోనే తినాలి, అక్కడే పడుకోవాలి. కిరాణా కొట్టు, చిన్న గెస్ట్‌హౌస్, జున్ను చేసే ఇల్లు, వీటికి నాలుగు డబ్బులు వస్తాయి. అయితే టూరిజం ఒక్కటే ఊరిని నిలబెట్టదు. బడి, డాక్టర్, పని లేకపోతే కుర్రాళ్లు ఉండరు. బాగు చేసిన గోడల మధ్య కూడా తాళాలు వేలాడుతున్నాయంటే కారణం అదే.

వెళ్లాలనుకుంటే

భారత పాస్‌పోర్టుతో వెళ్లేవాళ్లకు షెంగెన్ వీసా కావాలి. ఏప్రిల్ నుంచి జూన్ మొదటి వారాల వరకు, లేదంటే సెప్టెంబర్ చివర, అక్టోబర్ మంచి కాలం. జులై, ఆగస్టుల్లో ఎండ 40 డిగ్రీల దాకా పోతుంది, మంటల భయం కూడా ఉంటుంది. చలికాలంలో తొర్రె మీద మంచు పడుతుంది.

లిస్బన్ నుంచి కొవిల్యా, గార్దా పట్టణాలకు రైలు ఉంది. రైల్లో సైకిళ్లకు చోటు తక్కువ, ముందే బుక్ చేసుకోవాలి. రోజుకు 50-60 కిలోమీటర్ల చొప్పున వెళ్తే మొత్తం చుట్టు 10-12 రోజులు పడుతుంది. అంత టైమ్ లేకపోతే బెల్మోంట్, సొర్తేల్యా, మోన్సాంతో వరకు వెళ్లినా చాలు. దారిలో తారు రోడ్డు, మట్టి బాట రెండూ వస్తాయి. కాబట్టి వెడల్పు టైర్లు, తేలిక గేర్లు, మంచి బ్రేకులు ఉండాలి. మోకాళ్లు బాగాలేనివాళ్లు ఈ-బైక్ తీసుకోవచ్చు, అందులో నామోషీ ఏమీ లేదు. ఊళ్లలో రాళ్లు పరిచిన వీధులు వానకు జారతాయి, అక్కడ దిగి నడవడం మేలు. గొర్రెల మంద ఎదురైతే కాపలా కుక్కలు మీదికి రావచ్చు. సైకిల్ దిగి, దాన్ని మధ్యలో పెట్టుకుని మెల్లగా నడవండి. అత్యవసర నంబర్ 112.

తిండి విషయంలో మన పాఠకులు కాస్త జాగ్రత్తగా ఉండాలి. ఈ పల్లెల్లో హలాల్ మాంసం దొరకడం కష్టం. 'కాల్దో వెర్ద్' అనే ఆకుకూర సూప్‌లో కూడా పంది సాసేజ్ ముక్క వేస్తారు. 'సెం కార్న్ ద పోర్కు' అంటే పంది మాంసం వద్దని అర్థం, ఈ మాట గుర్తుంచుకోండి. చేపలు, గుడ్లు, రొట్టె, ఆలివ్‌లు, పండ్లు దండిగా దొరుకుతాయి. ఎస్త్రెలా జున్ను మరీ ప్రత్యేకం. గొర్రె పాలను జంతువుల రెన్నెట్‌తో కాకుండా ఒక ముళ్ల మొక్క పువ్వుతో విరగ్గొడతారు. మధ్యాహ్నం భోజనం వేళ, ఆదివారాలు చాలా కొట్లు మూసి ఉంటాయి. కాబట్టి నీళ్లు, కొంచెం తిండి వెంట ఉండాలి.

ఆఖరుగా ఒక మాట. ఊళ్లోకి వెళ్లగానే గుమ్మం దగ్గర కూర్చున్న ముసలమ్మకు 'బోం దియా' అని సలాం చెప్పండి. రోజుకు ఎంతమంది పలకరిస్తారో తెలియని మనుషులు వాళ్లు. కోటలు ఫొటోల్లో కూడా చూడొచ్చు. ఆ పలకరింపుకు వచ్చే జవాబు కోసమైతే అక్కడిదాకా వెళ్లాల్సిందే.