గోడకు తొడుగు

మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా దక్షిణపు కొసన, ప్రాణహిత ఒడ్డున సిరొంచ ఉంది. వేసవిలో ఇక్కడ ఎండ 45 డిగ్రీలకు చేరుతుంది. వానకాలంలో ముసురు పడితే రోజుల తరబడి వదలదు. ఎండనూ వాననూ ముందుగా ఎదుర్కొనేది ఇంటి గోడ.

ఈ ప్రాంతపు పల్లెల్లో పాత ఇళ్లను గమనించండి. అడవిలో దొరికే వెదురును చీల్చి తడికలు అల్లుతారు. వాటికి రెండు వైపులా గడ్డి కలిపిన మట్టిని మెత్తుతారు. తడిమట్టి ఆరేటప్పుడు కుంచించుకుపోయి పగుళ్లు బారుతుంది. గడ్డిపోచలు మట్టిని పట్టి ఉంచి పగుళ్లను తగ్గిస్తాయి. ఆ పైన పేడా మెత్తని మట్టీ కలిపి అలుకుతారు. లోపల ఆధారం, మధ్యలో నార, పైన పూత - ఇదీ గోడకు తొడుగు.

ఇటువంటి అమరికే రెండో ప్రపంచ యుద్ధం తరువాత ఐరోపాలో మరొక రూపంలో వచ్చింది. అక్కడ గోడ బయటివైపు థర్మాకోల్ పలకలు అంటిస్తారు. వాటిపై జిగురు కలిపిన సిమెంటు పూసి, అందులో గాజునూలు వలను అదుముతారు. ఇక్కడ గడ్డి చేసే పనిని అక్కడ ఆ వల చేస్తుంది. చివరకు ఇసుక, రంగు కలిపిన ప్లాస్టిక్ పూత వేస్తారు. థర్మాకోల్‌లో నూటికి 95 పాళ్లకు పైగా గాలే ఉంటుంది. చిన్నచిన్న అరల్లో కదలక ఉండే గాలి గుండా వేడి త్వరగా పోలేదు. అందువల్ల చలికాలంలో ఇంటి వెచ్చదనం బయటికి పోదు. వేసవిలో బయటి వేడి లోపలికి రాదు.

ఈ పద్ధతి 1969లో అమెరికాకు చేరింది. అక్కడ చాలా ఇళ్ల గోడలు చెక్కతో కట్టినవి. 1990ల మధ్యకాలంలో విల్మింగ్టన్ అనే పట్టణంలో అనేక ఇళ్ల గోడల్లో చెక్క కుళ్లినట్లు బయటపడింది. కిటికీ అంచుల సందుల్లోనుంచి వాననీరు లోపలికి చేరింది. బయటికి దారి లేక తడి ఆరలేదు. పైకి మాత్రం గోడలు అందంగానే కనిపించాయి! ఆ తరువాత పలకల వెనుక నీరు జారిపోయే సన్నని దారి ఉంచసాగారు.

మట్టి గోడకు సిమెంటు పూస్తే ఏటా అలికే శ్రమ తప్పుతుందని కొందరు అనుకుంటారు. ఆ శ్రమ ఎక్కువగా ఆడవాళ్లదే కనుక ఆ కోరిక సహజమే. కాని నేల నుంచీ పగుళ్ల నుంచీ చేరిన తడి సిమెంటు వెనుక నిలిచిపోతుంది. లోపలి మట్టి మెత్తబడి, పూత పెచ్చులుగా ఊడుతుంది. సున్నమూ ఇసుకా కలిపిన పూత మట్టిపూత కంటె ఎక్కువ కాలం నిలుస్తుంది, తడినీ ఆరనిస్తుంది.

వాననూ ఎండనూ ఆపడమే కాదు, లోపల చేరిన తడికి దారి ఇవ్వడం కూడా మంచి తొడుగు లక్షణం.

ప్రశ్నలు
1. గోడకు మెత్తే మట్టిలో గడ్డి ఎందుకు కలుపుతారు?
2. విల్మింగ్టన్ ఇళ్లలో చెక్క ఎందుకు కుళ్లింది?
3. మీ ఊరిలో మట్టి గోడలను ఎలా అలుకుతారో పెద్దలను అడిగి రాయండి.