డిజిటల్ నోట్సు సమకాలీకరణ

డిజిటల్ నోట్సు సమకాలీకరణ అనగా కంప్యూటరు, మొబైలు ఫోను, టాబ్లెట్ వంటి వేర్వేరు పరికరాలలో వ్రాసుకున్న నోట్సును క్లౌడ్ నిల్వకు తరలించి, ఆ పరికరాలన్నింటిలోను ఒకే పాఠం ఉండేటట్లు చూసే ప్రక్రియ. వాడుకలో దీనిని 'సింక్' చేయడం అంటారు. ఒక పరికరంలో చేసిన మార్పు ఇంటర్నెట్ ద్వారా సేవాసంస్థ సర్వరుకు చేరి, అక్కడి నుండి మిగిలిన పరికరాలకు అందుతుంది. ఈ వ్యాసంలో నోట్సులోని ఒక్కొక్క విడి వ్రాతను 'గమనిక' అని వ్యవహరించడం జరిగింది.

సమకాలీకరణ వలన పరికరం పోయినా, పాడైనా నోట్సు నిలిచి ఉంటుంది. అయితే సమకాలీకరణ, బ్యాకప్ ఒకటి కావు. ఒక పరికరంలో పొరపాటున తుడిచివేసిన గమనిక మిగిలిన పరికరాలన్నింటిలోను తుడిచివేయబడుతుంది. ఈ తేడా తెలియకపోవడం వలననే పలువురు తమ వ్రాతలను కోల్పోతుంటారు. తెలుగులో వ్రాసుకున్న నోట్సు విషయంలో యూనికోడ్‌కు సంబంధించిన మరికొన్ని చిక్కులు కూడా కలవు.

చరిత్ర

నెట్‌వర్కు అందుబాటులో లేనపుడు కూడా ఫైళ్లపై పని చేసుకొని, తిరిగి అందిన తరువాత మార్పులను సర్వరుకు చేర్చే విధానంపై అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో మహాదేవ్ సత్యనారాయణన్ బృందం 1987 నుండి పరిశోధన చేసింది. 'కోడా' అనే ఆ ఫైలు వ్యవస్థలోని ఆలోచనలు నేటి సమకాలీకరణ సేవలలో కూడా కనిపిస్తాయి. 1996లో వెలువడిన పైలట్ అనే చేతి పరికరంలో 'హాట్‌సింక్' సౌకర్యం ఉండేది. పరికరాన్ని కంప్యూటరుకు కలిపిన పీఠంలో ఉంచి ఒక మీట నొక్కితే రెండింటిలోని చిరునామాలు, గమనికలు సరిపోల్చబడేవి. అదే సంవత్సరం ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకరాస్ రూపొందించిన 'ఆర్‌సింక్' అనే సాఫ్టువేరు, ఫైలు మొత్తాన్ని కాక మారిన భాగాలను మాత్రమే పంపే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చింది.

మైక్రోసాఫ్ట్ వన్‌నోట్ 2003లోను, ఎవర్‌నోట్ 2008లోను విడుదలయ్యాయి. డ్రాప్‌బాక్స్ సంస్థను డ్రూ హ్యూస్టన్, అరాష్ ఫిర్దౌసీ 2007లో స్థాపించారు. పెన్‌డ్రైవును తరచు మరచిపోతుండడం వలననే తనకు ఈ ఆలోచన కలిగిందని హ్యూస్టన్ పేర్కొన్నాడు. ఆపిల్ సంస్థ ఐక్లౌడ్ 2011 అక్టోబరులోను, గూగుల్ కీప్ 2013 మార్చిలోను వచ్చాయి. స్వేచ్ఛా సాఫ్టువేరుగా జాప్లిన్ 2017 నుండి లభిస్తున్నది.

పనిచేసే విధానం

నోట్సు అనువర్తనాలు చాలావరకు ప్రతి పరికరంలోను ఒక స్థానిక ప్రతిని ఉంచుతాయి. అందువలన ఇంటర్నెట్ లేకపోయినా వ్రాయవచ్చును. ప్రతి గమనికకు మరి దేనికీ లేని ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. శీర్షిక మారినా ఈ సంఖ్య మారదు. దీనికి తోడు, మార్పు జరిగిన ప్రతిసారి సర్వరు ఒక వరుస సంఖ్యను కేటాయిస్తుంది. ఉదాహరణకు ఫోనులో చివరిగా అందిన మార్పు సంఖ్య 340 అయి, సర్వరులో 352 వరకు ఉన్నట్లయితే, ఆ పై 12 మార్పులను మాత్రమే ఫోను దించుకుంటుంది. మొత్తం నోట్సును ప్రతిసారి దించుకోవలసిన అవసరం ఉండదు.

తుడిచివేత కూడా ఒక మార్పుగానే నమోదవుతుంది. గమనికను తీసివేసినపుడు దాని స్థానంలో 'ఇది తుడిచివేయబడినది' అని తెలిపే చిన్న గుర్తు మిగులుతుంది. సాంకేతిక పరిభాషలో దీనిని 'టూంబ్‌స్టోన్', అనగా సమాధి రాయి, అంటారు. ఈ గుర్తే లేనట్లయితే, పాత ప్రతి ఉన్న మరొక పరికరం ఆ గమనికను కొత్తదిగా భావించి మరల సర్వరుకు ఎక్కిస్తుంది.

మార్పుల ఘర్షణ

ఒకే గమనికను రెండు పరికరాలలో, ఒకదాని మార్పు మరొకదానికి చేరక ముందే మార్చినపుడు ఘర్షణ ఏర్పడుతుంది. వికీపీడియాలో ఇద్దరు సభ్యులు ఒకే సమయంలో ఒకే పేజీని మార్చినపుడు వచ్చే 'దిద్దుబాటు ఘర్షణ' ఇటువంటిదే.

ఉదాహరణకు ఒక కుటుంబం పెద్దాయన వాడే మందుల పట్టికను ఒక ఉమ్మడి గమనికలో వ్రాసుకున్నదనుకుందాం. గుంటూరులో భార్య, సిగ్నలు లేని సమయంలో తన ఫోనులో రక్తపోటు మాత్రను అర నుండి ఒకటికి మార్చినది. ఆ మార్పు అందకముందే డల్లస్‌లో కుమారుడు తన వద్దనున్న పాత ప్రతిలో కొత్త మందు పేరు చేర్చినాడు. ఈ రెండు మార్పులను సేవ ఎట్లు పరిష్కరిస్తుందన్న దానిపై ఆ పట్టిక సరిగా ఉండడం ఆధారపడి ఉంటుంది. ఇందుకు ప్రధానంగా మూడు పద్ధతులు కలవు.

* చివరి మార్పు నిలవడం: సమయం ప్రకారం చివరిది నిలిచి, ముందరిది పోతుంది. కుమారుని ప్రతి నిలిస్తే కొత్త మందు ఉంటుంది కాని, మాత్ర మోతాదు మరల అరగా మారిపోతుంది. ఎటువంటి హెచ్చరికా కనిపించదు. పరికరపు గడియారం తప్పుగా ఉన్నపుడు నిజానికి తరువాత చేసిన మార్పే పాతదిగా లెక్కించబడవచ్చును.
* రెండు ప్రతులను ఉంచడం: డ్రాప్‌బాక్స్ ఘర్షణ పడిన ఫైలుకు వేరొక పేరుతో మరొక ప్రతిని సృష్టిస్తుంది. జాప్లిన్ అటువంటి గమనికలను ఒక ప్రత్యేక పుస్తకంలో చేరుస్తుంది. ఏదీ పోదు, కాని సరిచూసి కలిపే బాధ్యత వాడుకరిదే.
* విలీనం చేయడం: అక్షరాల స్థాయిలో రెండు మార్పులను కలుపుతారు. ఎల్లిస్, గిబ్స్ 1989లో ప్రతిపాదించిన 'ఆపరేషనల్ ట్రాన్స్‌ఫర్మేషన్', మార్క్ షపీరో తదితరులు 2011లో నిర్వచించిన 'సీఆర్‌డీటీ' పద్ధతులు ఈ కోవకు చెందినవి.

విలీన పద్ధతి అక్షరాలను కలుపగలదే కాని అర్థాన్ని సరిచూడలేదు. ఒకే వరుసను ఇద్దరూ మార్చినపుడు ఫలితాన్ని మనిషే చదివి చూసుకోవలసి ఉంటుంది. మందులు, డబ్బు లెక్కలు వంటి ముఖ్యమైన ఉమ్మడి గమనికలలో పాత వరుసను చెరపకుండా, తేదీతో కొత్త వరుస చేర్చడం క్షేమకరం.

సమకాలీకరణకు, బ్యాకప్‌కు తేడా

సమకాలీకరణ ఉద్దేశం అన్ని ప్రతులను ఒకేలా ఉంచడం. బ్యాకప్ ఉద్దేశం నిన్నటి స్థితిని ఈనాటి మార్పుల నుండి కాపాడడం. ఇవి ఒక విధంగా పరస్పర విరుద్ధమైనవి. పొరపాటున తుడిచినా, మరొకరు తప్పుగా మార్చినా, వైరస్ ఫైళ్లను పాడు చేసినా, సమకాలీకరణ ఆ నష్టాన్నే అన్ని పరికరాలకు చేరుస్తుంది.

సేవలలోని 'చెత్తబుట్ట' కొంతవరకు ఆదుకుంటుంది. గూగుల్ కీప్‌లో తుడిచిన గమనిక 7 రోజులు, గూగుల్ డ్రైవ్ చెత్తబుట్టలోని ఫైలు 30 రోజులు ఉండి, ఆపై శాశ్వతంగా తొలగిపోతాయి. సంవత్సరానికి ఒకసారి చూసుకునే గమనిక పోయినదని తెలిసేసరికి ఆ గడువు దాటిపోతుంది.

సర్వరు వైపున కూడా ప్రమాదాలు జరిగాయి. 2009 అక్టోబరులో మైక్రోసాఫ్ట్ అనుబంధ సంస్థ డేంజర్ నిర్వహించిన సర్వర్లు విఫలమై, అమెరికాలో సైడ్‌కిక్ ఫోన్ల వాడుకరుల చిరునామాలు, గమనికలు కనిపించకుండా పోయాయి. తరువాత వాటిలో అధిక భాగాన్ని తిరిగి రాబట్టగలిగారు. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ సంస్థ డేటా కేంద్రం అగ్నికి ఆహుతి అయినపుడు, వేరొక చోట ప్రతి ఉంచుకోని వారు తమ సమాచారాన్ని కోల్పోయారు.

ఈ కారణంగా '3-2-1' సూత్రాన్ని పాటించమని నిపుణులు చెబుతారు. అనగా మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాలపై, అందులో ఒకటి వేరొక ప్రదేశంలో ఉండాలి. క్లౌడ్‌లోని ప్రతి వీటిలో ఒకటి మాత్రమే. నెలకొకసారి నోట్సును ఎగుమతి చేసి, కంప్యూటరుకు ఎల్లప్పుడు తగిలించి ఉండని పెన్‌డ్రైవులో తేదీ వేసి దాచుకోవడం సులభమైన మార్గం.

తెలుగు నోట్సులోని ప్రత్యేక సమస్యలు

యూనికోడ్ 1991లో వెలువడిన తొలి కూర్పు నుండి తెలుగు లిపికి 128 స్థానాలను కేటాయించింది. అయినప్పటికి డీటీపీ రంగంలో అను, శ్రీలిపి వంటి యూనికోడేతర ఫాంట్ల వాడుక కొనసాగింది. ఈ ఫాంట్లు రోమన్ అక్షరాల స్థానాలలో తెలుగు అక్షరాల ముక్కలను చూపిస్తాయి. ఫైలులో దాగి ఉన్నది నిజానికి రోమన్ అక్షరాలు, చిహ్నాలే. ఆ ఫాంటు లేని ఫోనులో అదే గమనికను తెరిచినపుడు అర్థం లేని అక్షరాల వరుస కనిపిస్తుంది. తెలుగు పదంతో వెదికినా దొరకదు. కనుక ఇటువంటి నోట్సును తరలించే ముందు, తగిన మార్పిడి సాధనంతో యూనికోడ్‌లోకి మార్చాలి. మార్చిన తరువాత వత్తులు, సంయుక్తాక్షరాలు సరిగా వచ్చినదీ లేనిదీ చదివి చూసుకోవాలి.

యూనికోడ్‌లో ఉన్న నోట్సులో కూడా ఈ క్రింది అంశాలు గమనించదగినవి.

* ఐత్వం: 'వై'లోని ఐత్వాన్ని ఒకే సంకేతంగాను, ఎత్వము, దాని క్రింది భాగము అనే రెండు సంకేతాలుగాను నిల్వ చేయవచ్చును. ప్రమాణం ప్రకారం రెండూ సమానమే. మ్యాక్ కంప్యూటర్లలోని పాత హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ ఫైలు వ్యవస్థ ఫైలు పేర్లను విడదీసిన రూపంలో ఉంచుతుంది. లినక్స్ అట్లు మార్చదు. అందువలన 'వైద్యం' అనే పేరుతో, చూడడానికి ఒకేలా ఉండే రెండు ఫైళ్లు ఏర్పడే అవకాశం కలదు.
* విసర్గ: 'దుఃఖం' వంటి పదాలలో విసర్గకు బదులు కోలన్ గుర్తును టైపు చేసే అలవాటు ఉన్నది. విండోస్‌లో ఫైలు పేరులో కోలన్ ఉండరాదు. శీర్షికనే ఫైలు పేరుగా వాడే అనువర్తనాలలో అటువంటి గమనిక విండోస్ కంప్యూటరుకు చేరకపోవచ్చును.
* పేరు పొడవు: లినక్స్‌లో సాధారణంగా ఫైలు పేరు 255 బైట్లకు మించరాదు. యూటీఎఫ్-8 విధానంలో ప్రతి తెలుగు సంకేతానికి 3 బైట్లు కావాలి. కనుక 85 సంకేతాలకే హద్దు వస్తుంది. 'స్త్రీ' అనే ఒక్క అక్షరానికే 6 సంకేతాలు, 18 బైట్లు అవసరం. శీర్షికలు చిన్నవిగా ఉండడం మేలు.
* కనిపించని విభాజకం: 'ఫేస్‌బుక్' వంటి పదాలలో పొల్లు నిలవడానికి కంటికి కనిపించని ఒక విభాజకాన్ని వాడుతారు. ఒక చోట అది ఉండి, మరొక చోట లేనట్లయితే అన్వేషణలో పదం దొరకకపోవచ్చును.

సేవల మూసివేత, పరిమితులు

2006లో మొదలైన గూగుల్ నోట్‌బుక్ సేవ 2012 జూలైలో మూతబడినది. అందులోని సమాచారాన్ని గూగుల్ డాక్స్‌కు తరలించారు. ఎవర్‌నోట్ 2023 డిసెంబరులో ఉచిత ఖాతాలను 50 గమనికలకు, ఒక పుస్తకానికి పరిమితం చేసింది. విండోస్ 10 కొరకు ప్రత్యేకంగా చేసిన వన్‌నోట్ అనువర్తనానికి 2025 అక్టోబరు 14తో మద్దతు ముగిసినది. రెండేళ్ల పాటు వాడని వ్యక్తిగత ఖాతాలను తొలగించే విధానాన్ని గూగుల్ 2023లో ప్రకటించినది.

కావున సేవను ఎంచుకొనేటపుడు, నోట్సును అందులోకి చేర్చడం ఎంత సులభమో కాక, తిరిగి బయటకు తీయడం ఎంత సులభమో చూడాలి. గూగుల్ కీప్ గమనికలను 'టేకౌట్' సేవ ద్వారా దించుకోవచ్చును. ఎవర్‌నోట్ తన సొంత ఎగుమతి రూపంలో ఇస్తుంది. దానిని జాప్లిన్ చదువగలదు. సాదా పాఠం, 2004లో జాన్ గ్రూబర్ రూపొందించిన మార్క్‌డౌన్ వంటి రూపాలను ఏ కంప్యూటరులోనైనా తెరవవచ్చును.

తరలించే క్రమం

# పాత నోట్సు మొత్తాన్ని ముందుగా ఎగుమతి చేసి, ఆ ప్రతిని విడిగా భద్రపరచాలి.
# యూనికోడేతర పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చాలి. శీర్షికలలోని కోలన్ వంటి గుర్తులను తొలగించాలి.
# పట్టిక, బొమ్మ, పొడవైన తెలుగు పాఠం ఉన్న పది గమనికలతో ప్రయోగం చేసి చూడాలి.
# మొదట ఒకే పరికరం నుండి మొత్తం ఎక్కించాలి. అది పూర్తయిన తరువాతనే రెండవ పరికరాన్ని చేర్చాలి. రెండింటి నుండి ఒకేసారి ఎక్కిస్తే జంట ప్రతులు ఏర్పడతాయి.
# పాత చోట, కొత్త చోట గమనికల సంఖ్యను సరిపోల్చాలి.
# అన్ని పరికరాలలోను తేదీ, సమయం స్వయంచాలకంగా ఉండేటట్లు అమర్చాలి.
# పాత ఫోనును అమ్మే ముందు గాని, అనువర్తనాన్ని తొలగించే ముందు గాని, ఇంకా సర్వరుకు చేరని మార్పులు లేవని నిర్ధారించుకోవాలి.
# పాత ప్రతిని కొన్ని నెలల వరకు తుడిచివేయరాదు.

గోప్యత, వారసత్వం

చాలా సేవలలో సమాచారం ప్రయాణంలోను, సర్వరులోను సంకేతీకరించబడి ఉంటుంది. కాని తాళంచెవి సంస్థ వద్దనే ఉంటుంది. జాప్లిన్, స్టాండర్డ్ నోట్స్ వంటి వాటిలో తాళంచెవి వాడుకరి వద్ద మాత్రమే ఉండే విధానం లభిస్తుంది. ఇందులో సంకేతపదాన్ని మరచిపోతే సంస్థ కూడా నోట్సును తిరిగి ఇవ్వలేదు. ఖాతాకు రెండంచెల ధ్రువీకరణ పెట్టుకోవడం, బ్యాంకు పిన్ సంఖ్యలను సాధారణ గమనికలలో వ్రాయకుండా ఉండడం మంచిది.

వాడుకరి మరణానంతరం కుటుంబసభ్యులకు నోట్సు అందడానికి ముందే ఏర్పాటు చేసుకోవచ్చును. గూగుల్ 2013లో ప్రవేశపెట్టిన 'ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్', ఆపిల్ 2021లో ప్రవేశపెట్టిన 'లెగసీ కాంటాక్ట్' ఇందుకు ఉద్దేశించినవి. ఇటువంటి ఏర్పాటు లేనపుడు ఖాతాలోని కుటుంబ వివరాలు, జ్ఞాపకాలు, వ్రాతలు వారసులకు అందకుండా పోయే ప్రమాదం ఉన్నది.

ఇవి కూడా చూడండి

* యూనికోడ్
* క్లౌడ్ కంప్యూటింగ్
* తెలుగు లిపి
* మార్క్‌డౌన్