పాము వెచ్చగా.. ఇల్లు భద్రంగా!

దసరాకి ఊరెళ్లారు. గదిలో గాజుపెట్టె, అందులో బాల్‌ పైథాన్‌. దానికోసం హీటర్‌ ఆన్‌లోనే ఉంచారు. ఈ నాలుగు రోజుల్లో థర్మోస్టాట్‌ మొరాయిస్తే? ప్లగ్గు లూజై వేడెక్కితే? తిరిగొచ్చేసరికి పాము దక్కుతుందో లేదో.. ఒక్కోసారి గది కూడా! ఇగ్వానాలూ, బాల్‌ పైథాన్‌లూ పెంచే కుర్రకారులో మీరూ ఉన్నారా? అయితే ఈ జాగ్రత్తలు మీకే.

ముందు కాగితాలు

నక్షత్ర తాబేలు, కొండచిలువ, ఉడుము లాంటి మన దేశపు జీవుల్ని ఇంట్లో పెంచుకోవడం వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఇగ్వానా, బాల్‌ పైథాన్‌ లాంటి విదేశీ జీవులుంటే 2024 నిబంధనల ప్రకారం పరివేష్‌ పోర్టల్‌లో నమోదు చేయించాలి. ఆ తర్వాతే హీటర్ల సంగతి.

ఒక పక్క ఎండ, ఒక పక్క నీడ

సరీసృపాలు మనలా ఒంట్లో వేడి పుట్టించుకోలేవు. ఎండకీ నీడకీ మారుతూ ఒంటి వేడిని సరిచేసుకుంటాయి. తిన్నది అరగాలన్నా ఆ వెచ్చదనం కావాలి. అలాగని పెట్టె మొత్తాన్నీ కాచేయకండి. బాల్‌ పైథాన్‌కైతే ఒక పక్క 31-33 డిగ్రీలు, రెండో పక్క 24-26 డిగ్రీలు ఉంటే చాలు. ఎటు వెళ్లాలో అదే చూసుకుంటుంది. రెండు వైపులా చెరో డిజిటల్‌ థర్మామీటర్‌ పెట్టండి. చేత్తో తాకి ‘సరిపోతుందిలే’ అనుకోవద్దు.

కాలుతున్నా కదలవు

వేడి వస్తువు తగిలితే మనం చటుక్కున చెయ్యి లాగేసుకుంటాం. ఇవి అలా కాదు. చర్మం కాలుతున్నా అక్కడే పడుకుండిపోవచ్చు. అందుకే కరెంటుతో వేడెక్కే ‘హీట్‌ రాక్‌’ల జోలికి పోకండి. హీట్‌ మ్యాట్‌ అయితే అడుగుభాగంలో మూడో వంతుకు మించి పరవొద్దు. బల్బు, సిరామిక్‌ హీటర్‌ చుట్టూ జాలీ తప్పనిసరి. సిరామిక్‌ హీటర్‌ ఉపరితలం 200 డిగ్రీలు దాటుతుంది. దానికి ప్లాస్టిక్‌ హోల్డర్‌ పెడితే కరిగిపోతుంది. పింగాణీదే వాడండి.

థర్మోస్టాట్‌నే నమ్ముకోవద్దు

థర్మోస్టాట్‌ లేకుండా ఏ హీటరూ పెట్టొద్దు. దాని సెన్సర్‌ని గట్టిగా బిగించండి. అది ఊడి పెట్టె బయట పడిందనుకోండి.. గది చల్లదనాన్నే చూపిస్తుంది, హీటర్‌ ఆగకుండా మండుతూనే ఉంటుంది. అందుకే థర్మోస్టాట్‌ పాడైనా పెట్టె ఉడికిపోనంత తక్కువ వాట్ల హీటర్‌ ఎంచుకోండి. వీలైతే కాస్త ఎక్కువ డిగ్రీల దగ్గర ఆపేసేలా రెండో థర్మోస్టాట్‌ కూడా కలపండి.

అన్నయ్య అమెరికా నుంచి తెచ్చిన హీటరా? దానిమీద 120 వోల్టులు అని ఉంటే మన 230 వోల్టుల సాకెట్‌లో నేరుగా పెట్టకండి. వోల్టేజీ దాదాపు రెట్టింపైతే ఖర్చయ్యే కరెంటు, పుట్టే వేడి దాదాపు నాలుగింతలవుతాయి. ఇంటర్లో చదివిన ఫిజిక్సే!

తడి చేయి.. కరెంటు తీగ

పెట్టెలో నీళ్ల గిన్నె, పైన కరెంటు. ఎంసీబీ ఓవర్‌లోడ్‌నీ, షార్ట్‌ సర్క్యూట్‌నీ మాత్రమే ఆపుతుంది. మనిషికి షాక్‌ తగలకుండా కాపాడాలంటే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాలి. అద్దింట్లో అది ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి. ఎర్తింగ్‌ కూడా. నీళ్లు తీగ వెంట జారి ప్లగ్గులోకి చేరకుండా, తీగను సాకెట్‌ కంటే కిందికి వేలాడేలా వదలండి. ఎక్స్‌టెన్షన్‌ బాక్సుకి ఇంకో బాక్సు తగిలించొద్దు. ప్లగ్గు దగ్గర వేడి, కాలిన వాసన, నల్లమచ్చ.. ఏది కనిపించినా వెంటనే ఆపేయండి. పెట్టెలో చెయ్యి పెట్టేముందు స్విచ్‌ ఆపి, ప్లగ్గు తీయడం అలవాటు చేసుకోండి.

మన వేసవి మర్చిపోవద్దు

ఈ హీటర్ల సలహాలు చాలావరకు చలి దేశాల నుంచి వచ్చినవి. మే నెలలో రామగుండంలోనో, విజయవాడలోనో గదే 38 డిగ్రీలుంటే కావాల్సింది హీటర్‌ కాదు, చల్లదనం. చలికంటే అతివేడి ఈ జీవుల్ని త్వరగా చంపుతుంది. చలికాలం రాత్రి కరెంటు పోతే పెట్టెపై దుప్పటి కప్పండి, గాలి ఆడేలా కాస్త సందు వదలండి. కరెంటొచ్చాక అది హీటర్‌కి తగలకుండా వెంటనే తీసేయండి.

ఇక ఊరెళ్లేటప్పుడు? రోజూ వచ్చి థర్మామీటర్‌ చూసి మీకు ఫోన్‌ చేసే స్నేహితుడొకరు ఉండాల్సిందే. అలాంటివారు లేకపోతే పామునే వాళ్లింటికి చేర్చండి. అదీ కుదరదంటే, ఇప్పుడే పెంపకం మొదలుపెట్టకండి.