కొల్లేటి లెక్క ఒక్క శాస్త్రంతో తేలదు

కొల్లేటి గట్టుమీద పర్యావరణ శాస్త్రంలో పరిశోధన చేస్తున్న ఓ యువకుణ్ణి కలిశాం. గూడబాతులు, నీటిలోతు, గుర్రపుడెక్క — ఇవీ అతని లెక్కలు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీటికి సముద్రంలోకి దారి ఉప్పుటేరొక్కటే.

"అది పూడితే నీళ్లెక్కడికి పోతయ్యి బాబూ?" అన్నాడో వడ్డి పెద్దాయన. యువకుడు రాసుకున్నాడు. ఇంజనీరూ, అర్థశాస్త్రవేత్తా తనతో కలిసి పనిచేయాలని అతని ఆశ.

న్యాయమైన ఆశే! 1999లో ఐదో కాంటూరు దాకా అభయారణ్యమన్నారు. 2006లో చేపల చెరువుల గట్లు తెంచారు. పక్షుల్ని లెక్కపెట్టేవారున్నారు, సంతోషం. మరి చెరువుల మీద బతికిన కూలీల అప్పుల్ని లెక్కపెట్టేదెవరు?

"రేపు దోనెలో నాతో వస్తావా తాతా, నీళ్ల సంగతులు చెబుదువుగాని?"

"కూలెంతిస్తావ్?" అన్నాడాయన. సబబైన ప్రశ్నే.