కొత్త రింగులు వేసే ముందు బోరు చూడండి: బండి రిపేరుకు పైసలు పంపేవాళ్లు తెలుసుకోవాల్సిన సంగతి

"బండి నీలం పొగ కొడుతుంది, ఆయిల్ తాగుతుంది, మెకానిక్ బోరు పోయిందంటున్నాడు, పైసలు పంపు." గల్ఫ్‌లో ఉన్న మనలో చాలామందికి ఇంటి నుంచి ఇలాంటి ఫోన్ వచ్చే ఉంటుంది. పంపిస్తాం. రింగులు మారుస్తారు. నెల తిరక్కముందే మళ్లీ అదే పొగ. ఈసారి మొత్తం బ్లాకే మార్చాలంటారు.

అన్నిసార్లూ తప్పు రింగులది కాదు. పాత బోరులో కొత్త రింగులు వేసే ముందు చేయాల్సిన చిన్న పని ఒకటుంది, దాన్ని వదిలేస్తే ఇలాగే అవుతుంది. సెలవు మీద ఇంటికి వెళ్లినప్పుడు చేతిపని తెలిసినవాళ్లు ఇది సొంతంగా చేసుకోవచ్చు. చేయలేనివాళ్లు ఫోన్‌లో మెకానిక్‌ను సరైన ప్రశ్న అడగొచ్చు.

అసలు జరిగేదేమిటి?

కొత్త బోరు లోపలి గోడ అద్దంలా నున్నగా ఉండదు. ఒకదాన్నొకటి అడ్డంగా కోసుకునే సన్నని గీతలు ఉంటాయి. ఆ గీతల్లో ఆయిల్ నిలబడుతుంది. కొత్త రింగు కూడా ఆ గరుకు మీదే కొంచెం అరిగి గోడకు సరిగ్గా అతుక్కుంటుంది. ఏళ్లు నడిచాక గీతలు అరిగిపోతాయి, కాలిన ఆయిల్ పొరలా పట్టి గోడ తళతళలాడుతుంది. దీన్నే గ్లేజింగ్ అంటారు. ఆ నున్నటి గోడ మీద కొత్త రింగు జారుతుందే తప్ప కుదురుకోదు. కంప్రెషన్ కిందికి జారుతుంది, ఆయిల్ పైకెక్కి కాలుతుంది.

సైట్లలో జనరేటర్ల దగ్గర పనిచేసేవాళ్లకు ఇది తెలిసే ఉంటుంది. పెద్ద డీజిల్ జనరేటర్‌ను ఎప్పుడూ తక్కువ లోడు మీదే నడిపితే బోర్లు ఇలాగే గ్లేజ్ పడతాయి.

ఇంజిన్ విప్పకముందే ఒక పరీక్ష

పొగ ఎప్పుడు వస్తుందో ఇంట్లోవాళ్లను అడగండి. పొద్దున స్టార్ట్ చేసినప్పుడు గుప్పుమని వచ్చి ఆగిపోతే అనుమానం వాల్వ్ సీళ్ల మీద. అప్పుడు బోరు జోలికి పోనక్కర్లేకపోవచ్చు. బండి లాగేటప్పుడు, ఎత్తు ఎక్కేటప్పుడు ఎడతెగకుండా పొగ వస్తుంటే రింగులు, బోరు చూడాలి.

గీతలు వేస్తే సరిపోతుందా, బోరింగ్ కావాలా?

అరిగిపోయిన బోరును గీతలు బాగుచేయలేవు. కాబట్టి ముందు కొలవాలి. కొత్త టాప్ రింగు ఒక్కదాన్నే బోరులో పెట్టి, పిస్టన్ తలతో నెట్టి సమంగా నిలబెట్టండి. ముందు అరుగుదల లేని అడుగు భాగంలో, తర్వాత ఎక్కువ అరిగే పై భాగంలో, రెండు చోట్లా రింగు మూతుల మధ్య సందును ఫీలర్ గేజ్‌తో కొలవండి. రెండు కొలతల తేడాను 3.14తో భాగిస్తే బోరు ఎంత అరిగిందో తెలుస్తుంది. ఉదాహరణకు అడుగున సందు 0.20 మి.మీ., పైన 0.50 మి.మీ. ఉందనుకోండి. తేడా 0.30, అంటే బోరు దాదాపు 0.1 మి.మీ. అరిగినట్టు.

చిన్న బైకులకు అరుగుదల హద్దు సాధారణంగా ఈ 0.1 మి.మీ. దగ్గరే ఉంటుంది. మీ బండి లెక్క దాని సర్వీస్ మాన్యువల్‌లో చూడండి. హద్దు దాటినా, గోడ మీద గోరుకు తగిలే గాడి ఉన్నా లేత్ షాపులో బోరింగ్ చేయించి ఓవర్‌సైజ్ పిస్టన్ వేయాల్సిందే. హద్దు లోపలే ఉంటే గ్లేజ్ తీసి రింగులు వేస్తే చాలు.

ఇంకో జాగ్రత్త. కొన్ని కొత్త బళ్లలో అల్యూమినియం బోరుకు నికెల్ కోటింగ్ ఉంటుంది. దాని మీద రాయి, ఎమెరీ పెట్టకూడదు. కోటింగ్ లేచిందంటే బ్లాక్ పోయినట్టే. కింద చెప్పేది స్ప్లెండర్ లాంటి బళ్లలో ఉండే ఇనుప లైనర్లకే.

చేసే పద్ధతి

1. బ్లాక్‌ను ఇంజిన్ నుంచి పూర్తిగా విప్పి బయట పెట్టుకుని చేయండి. లేకపోతే రాతి పొడి కింద క్రాంక్‌లో పడుతుంది.

2. మూడు రాళ్ల హోన్‌ను గానీ బాల్ హోన్‌ను గానీ డ్రిల్లుకు బిగించండి. సుమారు 240 గ్రిట్ సరిపోతుంది. బోరుకు, రాళ్లకు పలుచటి ఆయిల్ బాగా పట్టించండి. పొడిగా ఎప్పుడూ తిప్పవద్దు.

3. డ్రిల్లు నెమ్మదిగా తిరగాలి, చేయి పైకీ కిందికీ చురుగ్గా ఆడాలి. ఒకే చోట ఆగితే అక్కడ గుంట పడుతుంది. గీతలు ఒకదాన్నొకటి 45 నుంచి 60 డిగ్రీల కోణంలో కోసుకోవాలి.

4. పదిహేను, ఇరవై సెకన్లు తిప్పి ఆపి, తుడిచి చూడండి. తళతళ పోయి గీతలు అంతటా సమానంగా కనిపిస్తే చాలు. గోడను తినేయడం మన పని కాదు.

డ్రిల్లు లేకపోతే 240 వాటర్ పేపర్‌ను ఆయిల్‌లో ముంచి, చేతిని మెలితిప్పుతూ పైకీ కిందికీ రుద్దినా గ్లేజ్ పోతుంది. ఓపిక కావాలి.

కడగడమే అసలు పని

చాలాచోట్ల చెడేది ఇక్కడే. పెట్రోలుతోనో కిరోసిన్‌తోనో ఒకసారి తుడిచి బిగించేస్తారు. నూనె పోతుంది గానీ గీతల్లో దాక్కున్న రాతి పొడి పోదు. అది కొత్త రింగులను ఆకురాయిలా అరగదీస్తుంది. వేడినీళ్లు, బట్టల సబ్బు పొడి, బ్రష్ తీసుకుని గట్టిగా తోమండి. తెల్లగుడ్డతో తుడిస్తే మసి అంటనంతవరకు తోమాలి. వెంటనే ఆరబెట్టి ఇంజిన్ ఆయిల్ రాయండి. తడి ఇనుము నిమిషాల్లో తుప్పు పడుతుంది.

తర్వాత రింగులు. మూతుల సందు 25 మి.మీ. బోరుకు దాదాపు 0.1 మి.మీ. లెక్కన ఉండాలి. స్ప్లెండర్ బోరు 50 మి.మీ. కాబట్టి సుమారు 0.2 మి.మీ. రింగు మీద అక్షరం ఉన్న వైపు పైకి రావాలి. మూతులన్నీ ఒకే వరుసలో ఉండకుండా 120 డిగ్రీల దూరంలో పెట్టండి. మొదటి కొన్ని వందల కిలోమీటర్లు వేగం మారుస్తూ నడపండి. స్టాండ్ మీద గంటలకొద్దీ ఐడిల్‌లో పెట్టవద్దు. ఆయిల్ తొందరగా ఒకసారి మార్చండి.

క్యాంపులో ఉన్నవాళ్లకు మూడు మాటలు

రూమ్‌లో పెట్రోలుతో పార్టులు కడగవద్దు. ఏసీ వేసి తలుపులు మూసిన గదిలో ఆవిరి నిండి, చిన్న నిప్పురవ్వకే అంటుకుంటుంది.

ఫోర్‌మన్ పని అప్పగించకుండా కంపెనీ ఇంజిన్ విప్పవద్దు. ఏదైనా చెడితే ఎవరు విప్పమన్నారని అడుగుతారు. చెప్పిన పనికి మెసేజ్ రూపంలోనైనా ఆధారం ఉంచుకోండి.

పని వచ్చు కదా అని శుక్రవారాలు బయటివాళ్ల బళ్లు పైసలకు రిపేర్ చేయవద్దు. సౌదీ కార్మిక చట్టం 39వ ఆర్టికల్ ప్రకారం విదేశీ కార్మికుడు సొంతంగా పని చేసుకోవడం నిషిద్ధం. దొరికితే దేశం నుంచి పంపించేయొచ్చు. యూఏఈలోనూ పర్మిట్ లేకుండా ఇంకొకరి దగ్గర పని చేయడం నేరమే.

ఇంటికి పైసలు పంపే ముందు మెకానిక్‌ను ఈ మూడు ప్రశ్నలు అడగమనండి: బోరు అరుగుదల కొలిచారా, ఎంత వచ్చింది? గ్లేజ్ తీశారా? దేనితో కడిగారు? బోరు ఫోటో, పాత రింగులు, బిల్లు ఇవ్వమనండి. కొలత చెప్పకుండానే బ్లాక్ మార్చాలంటే, ఇంకో మెకానిక్‌కు చూపించే దాకా పైసలు ఆపండి.