వంటింటి వైద్యము - దాని పొలిమేర

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు పెన్నానది గట్టున వెలసిన పట్టణములు. పులివెందుల వానికి నైరుతి దిక్కున, అరటితోటలకును చీనీతోటలకును పేరుపడిన సీమలో నున్నది. కడప జిల్లాలోని ఈ మూడు ఊళ్ళ చుట్టునుగల పల్లెలలో వానలు తక్కువ, ఎండలు మెండు. అట్టి నేల తన బిడ్డలకు జొన్నలను, కొఱ్ఱలను, రాగులను తిండిగింజలుగా నొసగినది. రాగిసంగటి, జొన్నరొట్టె, ఆకుకూర, చెనిగవిత్తుల పచ్చడి, పలుచని మజ్జిగ - ఇవి తరతరములుగా ఇచటి సేద్యగాండ్ర భోజనము.

తిండి ఎట్టిదైనను కడుపుబాధలు మానవునకు తప్పవు. అజీర్ణము, కడుపుబ్బరము, పుల్లత్రేన్పులు, మలబద్ధకము మొదలగునవి వెంటనే ప్రాణము తీయవు. కాని అవి నెలల తరబడి వీడక వేధించినచో అన్నము సయించదు, నిద్ర పట్టదు, పనియందు మనసు నిలువదు. ఇట్టి వేళ ఇంటి పెద్దలు మొట్టమొదట వైద్యుని వెదకరు, పోపులపెట్టె తెఱతురు. ఆ పెట్టెలోని దినుసులకు గుణమెట్లు వచ్చినదో, ఆ గుణము ఎంతవఱకు పనిచేయునో తెలిసికొనుట అవసరము.

కడుపు ఉబ్బరించినపుడు చిటికెడు వామును ఉప్పుతో నమలుట ఇచట వాడుక. వాములో థైమాల్ అను ఘాటైన పదార్థము కలదు. వాము నోటిని మండించి లాలాజలము నూరించును. ప్రేగుల బిగువును సడలించి వాయువును వెడలించునని చెప్పుదురు. జీలకఱ్ఱ కషాయమును ఇట్టిదే. శొంఠికి వికారము నణచు గుణము కలదని నేటి పరిశోధకులును అంగీకరించినారు.

మజ్జిగ కథ మఱింత వింతైనది. పాలలోని చక్కెరను జీర్ణము చేసికొనలేనివారు లోకమున పెక్కుమంది కలరు. పాలు త్రాగిన వెంటనే వారి కడుపు ఉబ్బును. పాలు తోడు వేసినపుడు కంటికి కనబడని సూక్ష్మజీవులు ఆ చక్కెరలో కొంత భాగమును లాక్టిక్ ఆమ్లముగా మార్చును. అందుచేతనే పాలు సరిపడనివారిలో అనేకులు మజ్జిగను సుఖముగా త్రాగగలుగుదురు. పారిస్ నగరమున పాస్టర్ సంస్థలో పనిచేసిన మెచ్నికోవ్ అను శాస్త్రజ్ఞుడు, పులిసిన పాలలోని సూక్ష్మజీవులు ప్రేగులకు మేలు చేయునని 1907లో ప్రకటించిన గ్రంథమున వాదించెను. పెన్నాతీరపు గృహిణి ఆ గ్రంథము చదువకయే నిత్యము మజ్జిగ చిలుకుచుండెను.

మలబద్ధకమునకు మందు తిండిలోనే యున్నది. జొన్న, కొఱ్ఱ, రాగి మొదలగు ధాన్యములయందును, ఆకుకూరలయందును పీచు హెచ్చు. ఈ పీచు జీర్ణము కాక నీటిని పట్టియుంచి మలమును మెత్తబఱచును. బాగుగా పాలిష్ పట్టిన బియ్యములో పీచు స్వల్పము. మెంతులు నానబెట్టినపుడు జిగురు కట్టుటకు కారణము గూడ ఒక విధమైన పీచే. మజ్జిగలో నానిన మెంతులను పెద్దలు తినుమనుట ఇందువలననే. అయితే పీచు తిని నీరు త్రాగనివారికి మేలునకు మాఱు కీడే కలుగును. ఎండకాలమున పొలము పనికి పోవువారు ఈ మాట మఱువరాదు. కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ కలిసిన త్రిఫలచూర్ణము సాఫీగా విరేచనము చేయించును. కాని గర్భిణీస్త్రీలును, ఇతర మందులు వాడువారును వైద్యుని యడుగక దానిని సేవింపరాదు.

ఇంటివైద్యమునకు ఇంత బలము కలదు. కాని దానికొక పొలిమేర కూడ కలదు. ఆ పొలిమేర ఎచటనో తెలిపెడు తెలుగువాని చరిత్ర యొకటి యున్నది.

యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరమున జన్మించెను. ఆతని సోదరులిద్దఱు కొద్దిదినముల వ్యవధిలో స్ప్రూ అను వ్యాధివలన మరణించిరి. మన పూర్వులు గ్రహణి యని పిలిచిన రోగములకు ఇది దగ్గఱి చుట్టము. ఇది సోకినవాని చిన్నప్రేగు లోపొర చెడును, ఎంత తినినను సారము ఒంటబట్టదు, విరేచనములు మానవు, రక్తము క్షీణించును. ఆ వ్యాధి సుబ్బారావునకును సోకెను. ఆయుర్వేద వైద్యులైన ఆచంట లక్ష్మీపతి చికిత్సచే ఆతడు కోలుకొనెనని ఆతని చరిత్రకారులు వ్రాసినారు. పిదప మద్రాసులో లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలోనే ఆతడు బోధకుడయ్యెను.

తాను బ్రదికెను, సోదరులు బ్రదుకలేదు. ఈ వ్యాధికి మూలమేమి, నిశ్చయమైన మందేమి? ఆ ప్రశ్న ఆతనిని విడువలేదు. ఆతడు అమెరికాకు పోయి, హార్వర్డులో పరిశోధించి, పిమ్మట లెడర్లీ పరిశోధనాలయమునకు అధిపతి యయ్యెను. అచట ఆతని బృందము ఫోలిక్ ఆమ్లమును 1945లో కృత్రిమముగా తయారుచేసెను. ఈ పదార్థము ఆకుకూరలలో సహజముగా నుండునదే. దాని పేరునకు మూలమైన లాటిన్ పదమునకు ఆకు అని అర్థము. స్ప్రూ రోగులకు అది సంజీవని వలె పనిచేసెను. 1948లో అదే పరిశోధనాలయమునుండి ఆరియోమైసిన్ అను ఔషధము వెలువడెను. అది టెట్రాసైక్లిన్ వర్గమునకు చెందిన మొదటి మందు. ఆ సంవత్సరము ఆగస్టు మాసమున సుబ్బారావు మరణించెను. నేటికిని ఉష్ణదేశపు స్ప్రూ వ్యాధికి ఫోలిక్ ఆమ్లమును, టెట్రాసైక్లినును కలిపి యిత్తురు.

కడుపుమంట విషయముననుకూడ ఇట్టి పాఠమే కలదు. కారము తినుటవలనను, మనోవ్యాకులతవలనను కడుపులో పుండ్లు పడునని చిరకాలము నమ్మిరి. ఆస్ట్రేలియా దేశీయులు బారీ మార్షల్, రాబిన్ వారెన్ అనువారు ఆ పుండ్లలో పెక్కింటికి హెలికోబాక్టర్ పైలోరి అను సూక్ష్మజీవి కారణమని తేల్చిరి. మార్షల్ 1984లో ఆ క్రిములు గల ద్రవమును తానే త్రాగి, కడుపువాపు తెచ్చుకొని, తన మాటకు బలము చూపెను. 2005లో వారిరువురికి నోబెల్ బహుమానము లభించెను. ఇట్టి పుండునకు మజ్జిగ చలువ చేయవచ్చును, వంటసోడా క్షణకాలము మంటను చల్లార్పవచ్చును. కాని క్రిమి మాత్రము చావదు. నిత్యము వంటసోడా త్రాగుటవలన శరీరమున ఉప్పు పెరుగుట అదనపు హాని.

కావున కొన్ని గుఱుతులను ఇంటిల్లిపాది ఎఱిగి యుండవలయును. మలములో రక్తము కనబడుట, మలము తారువలె నల్లబడుట, కారణము లేక బరువు తగ్గుట, మ్రింగుడు పడకపోవుట, మాటిమాటికి వాంతులగుట, ముఖము పాలిపోవుట - వీనిలో ఏ ఒక్కటి కనబడినను పోపులపెట్టెను మూసి ఆసుపత్రి దారి పట్టవలయును. బాధ కొన్ని వారములు విడువక యున్నను అట్లే చేయవలయును. ఈ సీమవారికి ఆసుపత్రి క్రొత్తది కాదు; జమ్మలమడుగున క్యాంబెల్ ఆసుపత్రి పంతొమ్మిదవ శతాబ్ది చివరి దినములలోనే వెలసినది.

అవ్వ చేతి వామునకును, వైద్యుని చేతి మందునకును వైరము లేదు. మొదటిది ఇంటి గడపవఱకు కాపు కాయును. గడప దాటిన రోగమునకు రెండవది కావలయును. ఆ గడప నెఱిగి మెలగుటయే ఆరోగ్యవిద్యలో మొదటి పాఠము.