మీ బాల్కనీకి చెట్ల కాపలా ఉందా?

పొద్దున తుడిచిన బాల్కనీ రెయిలింగ్ మీద సాయంత్రం వేలితో రాస్తే మళ్లీ గీత పడుతోందా? కొండాపూర్, నల్లగండ్ల, కోకాపేట వైపు ఉండేవాళ్లకు ఇదేం కొత్త కాదు. 1998లో సైబర్ టవర్స్ మొదలైనప్పుడు చుట్టూ ఎక్కువగా రాళ్లగుట్టలూ తుప్పలే. ఆ గుట్టల్ని తొలిచి, పునాదులు తవ్వి, టిప్పర్లలో మట్టి తరలించే పని ఇప్పటికీ ఆగలేదు. అనంతపురం మెట్టచేలల్లో ఎండాకాలం లేచే దుమ్ముకూ, మీ పక్క సైటు నుంచి వచ్చేదానికీ కారణం ఒక్కటే: పైన పచ్చదనం లేని పొడి నేల. 2025 ఏప్రిల్ 3న కంచ గచ్చిబౌలిలో చెట్ల నరికివేతను సుప్రీంకోర్టు ఆపించినప్పుడు చర్చ జింకలూ నెమళ్ల చుట్టూ తిరిగింది గానీ, ఆ తుప్పలూ గడ్డీ మట్టిని పట్టి ఉంచుతాయన్న మాట పెద్దగా వినపడలేదు.

చెట్టు దుమ్మును ఆకులతో పట్టుకుంటుందని అనుకుంటాం. నిజమే, గరుకుగా, నూగుతో ఉన్న ఆకులకు ఎక్కువ అంటుకుంటుంది. కానీ పెద్ద మేలు గాలి వేగం తగ్గడం వల్లే. వేగం పడిపోతే గాలి బరువైన రేణువుల్ని మోయలేదు, అవి నేలకు దిగిపోతాయి. ఈ ప్రభావం చెట్ల ఎత్తుకు సుమారు పది రెట్ల దూరం దాకా బాగా ఉంటుంది. అంటే ఎనిమిది మీటర్ల వరస వెనక దాదాపు 80 మీటర్లు. అయితే వరస గోడలా దట్టంగా ఉండకూడదు. గోడ మీదుగా దూకిన గాలి అవతల సుడి తిరిగి దుమ్మును మళ్లీ లేపుతుంది. సగం దాకా సందులుంటేనే మేలు. అమెరికాలో దుమ్ము తుపానుల తర్వాత 1934 నుంచి 1942 వరకు సుమారు 22 కోట్ల చెట్లు నాటింది ఈ లెక్కమీదే.

ఇక్కడో చిక్కుంది. చెట్లు ఎక్కువగా దించేది ముక్కులో, గొంతులో చిక్కుకునే పెద్ద రేణువుల్ని. ఊపిరితిత్తుల లోతుకు వెళ్లే పీఎం 2.5 మీద వాటి పట్టు తక్కువ. మన ప్రమాణం దానికి ఏడాది సగటు 40 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది 5 మాత్రమే. పైగా మూడో అంతస్తు దాటాక చెట్టు నీడే అందదు, ఇరవయ్యో అంతస్తులో ఉన్నవాళ్లు వేపచెట్టును నమ్ముకుని లాభం లేదు.

వాళ్లకు దారి దుమ్మును పుట్టినచోటే ఆపడం. పర్యావరణ అనుమతి అవసరమైన నిర్మాణాల్లో భవనం ఎత్తులో మూడో వంతు, గరిష్ఠంగా 10 మీటర్ల గాలి అడ్డు కట్టాలనీ, నీళ్లు చల్లాలనీ, మట్టిని కప్పి ఉంచాలనీ కేంద్రం 2018లోనే నిబంధన పెట్టింది. ఆ జాగ్రత్తల్ని బోర్డు మీద రాసి అందరికీ కనిపించేలా పెట్టాలని కూడా ఉంది. మీ పక్క సైటు గేటు దగ్గర అలాంటి బోర్డు ఉందో లేదో చూసిరండి. లేకపోతే అసోసియేషన్ తరఫున ఫొటోతో సహా ఫిర్యాదు రాయించండి.

చెట్లు నాటే చోటు మీకుంటే సైటు వైపు ప్రహరీ పక్కన రెండు వరసలు వేయండి. పొడుగు చెట్లు ఒక్కటే అయితే కాండాల మధ్య నుంచి గాలి దూసుకొస్తుంది, కింద గోరింట, నందివర్ధనం లాంటి పొదలు కావాలి. సరిగ్గా దుమ్ము కాలంలోనే వేప, కానుగ ఆకు రాలుస్తాయి కాబట్టి మధ్యమధ్యలో పొగడ కలపండి. కోనోకార్పస్ జోలికి పోవద్దు, దాని పుప్పొడి ఆస్తమా ఉన్నవాళ్లకు ఇబ్బంది కావచ్చు. ఇరుకు రోడ్డుకు రెండువైపులా కొమ్మలు కలిసిపోతే బండ్ల పొగ కిందే నిలిచిపోతుందని కూడా గుర్తుంచుకోండి. వాన పడేదాకా ఆకుల మీద అప్పుడప్పుడు నీళ్లు కొట్టించాలి, లేదంటే పేరుకున్నది గాలికి మళ్లీ లేస్తుంది.

ఇంట్లో పొడి చీపురు మానేసి తడిగుడ్డతో తుడవండి. పక్కన తవ్వకం జరిగే వేళల్లో ఆ వైపు కిటికీలు మూయండి. బయటికెళ్లే పెద్దవాళ్లకు గుడ్డ మాస్కు కాదు, ఎన్-95 కావాలి. పిల్లలకు రాత్రిపూట దగ్గు, పిల్లికూతలు వస్తున్నా, ఎవరికైనా దగ్గు మూడు వారాలు దాటినా దుమ్మేలే అని సరిపెట్టుకోకుండా డాక్టరుకు చూపించండి.